గట్టు మీద గౌరవ సభ్యుడు

వ్యవసాయమే బతుకుగా ఉన్న ప్రాంతం నుంచి గెలిచి చట్టసభకు వెళ్లిన మనిషి మీద జనం తరచూ వేసే నింద ఒకటుంది. ఆయనకు సేద్యం తెలియదట. నారుకీ గడ్డికీ తేడా చెప్పలేడట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఎందుకంటే నాకు తెలిసినంతలో ఆ నియోజకవర్గం మొత్తంలో ఒక్క ఏడాది కూడా నష్టపోని రైతు ఎవరయ్యా అంటే ఆయనే. వాన ఎక్కువైతే వరద పరామర్శ, తక్కువైతే కరువు పరామర్శ. రెండూ చేతికొచ్చే పంటలే. ధర పడిపోతే ధర్నా చేస్తాడు, పెరిగితే తన చలవే అంటాడు. తెగులొచ్చినా, మిడతలొచ్చినా ఆయన చేను పచ్చగానే ఉంటుంది. ఇంత నేర్పున్న మనిషిని పట్టుకుని సేద్యం రాదనడం ఘోరం. ఆ ఘోరాన్ని సరిదిద్దడం నా వంతు బాధ్యతగా భావించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఆయన పొలానికి రావడం ఎలా ఉంటుందో చెబుతాను. ఒకసారి దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. నాలుగు రోజుల ముసురుకు చేలు మునిగాయి. గౌరవ సభ్యుడు పది గంటలకు వస్తారన్నారు. పదకొండున్నరకు ముందు కెమెరా వచ్చింది, ఆ వెనక ఆయన వచ్చారు. ఏ పొలంలో దిగాలన్నది ముందురోజు సాయంత్రమే తేలిపోయింది. బాగా మునిగిన పొలం కాలవ చివర ఉంది, దాని దగ్గరికి చేరాలంటే కిలోమీటరున్నర గట్టు మీద నడవాలి. అందుకని రోడ్డు పక్కనే, ఒక మోస్తరుగా మునిగిన పొలాన్ని ఎంపిక చేశారు. పంట నష్టానికి తీవ్రత ఒక్కటే ఉంటే చాలదు, పార్కింగ్ కూడా ఉండాలి.

ఆయన గట్టు మీద నిలబడి తన చెప్పుల వంక చూసుకున్నారు. విప్పితే వినయం కనబడుతుంది. విప్పకపోతే జారిపడటం కనబడుతుంది. విప్పారు. పీఏ వాటిని చేతిలోకి తీసుకుని కెమెరాకు కనపడకుండా వెనక్కి వెళ్లాడు. ఆయన ఒక కాలు బురదలో పెట్టి రెండోది గట్టు మీదే ఉంచుకున్నారు. ఫొటో గట్టు కనపడకుండా తీశారు కాబట్టి పేపర్లో రెండు కాళ్లూ బురదలోనే ఉన్నట్టు పడింది. ఎవరో మొలకెత్తిన వరికంకి ఒకటి చేతికిచ్చారు. ఆయన దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఎక్స్‌రే చూస్తున్న డాక్టర్‌లా నిట్టూర్చారు. ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. పారేస్తే బాగోదు. జేబులో పెట్టుకుంటే మరీ బాగోదు. పీఏకిచ్చారు. పీఏ డ్రైవర్‌కిచ్చాడు. డ్రైవర్ కారు డాష్‌బోర్డు మీద పెట్టాడు. ఆ సీజన్‌లో ఏసీలో ఆరబెట్టుకునే యోగం దక్కిన కంకి అదొక్కటే.

అప్పుడు జరిగింది అసలు సంగతి. జనం వెనక నుంచి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.

"సార్, ఇది వానకి మునిగింది కాదండి. నీళ్లు పోవాల్సిన తూము ఉంది. దాని షట్టర్ తుప్పు పట్టి మూడేళ్లయింది. లేవదు. అది లేస్తే పూటలో నీళ్లన్నీ దిగిపోతాయి."

ఒక్క క్షణం నిశ్శబ్దం. వరద అంటే ప్రకృతి, దానికి పరామర్శ సరిపోతుంది. షట్టర్ అంటే పని. ఒక మనిషి ప్రకృతి విలయాన్ని పట్టుకుని ఇంత సులువుగా రిపేరు పని స్థాయికి దించేస్తాడని ఎవరూ ఊహించలేదు. కానీ గౌరవ సభ్యుడు తొణకలేదు. పీఏ వైపు తిరిగి "రాసుకో" అన్నారు. పీఏ నోట్‌బుక్ తీసి "తూము" అని రాసి కింద గీత గీశాడు. తుప్పు పట్టిన ఒక ఇనప రేకు ప్రజాస్వామ్యంలోకి ప్రవేశించిన వైనం అది.

"రాసుకున్నారు కదా, మరి పనెప్పుడు?" అని అడిగేవాళ్లకు చట్టసభ కాలమానం తెలియదని అర్థం. పొలానికి కార్తెలున్నట్టే సభకూ కార్తెలుంటాయి. కాకపోతే ఆ రెండు పంచాంగాలూ కలవవు. భారత పార్లమెంటునే తీసుకోండి. సభ్యుడు ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. సమాధానం చేతిలో లేని మంత్రి "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అంటారు. తేలిగ్గా తీసుకోకండి, ఆ వాక్యానికి హామీ హోదా ఉంది. ఇలాంటి హామీలు నెరవేరుతున్నాయా లేదా అని కాపలా కాయడానికి ప్రత్యేకంగా ఒక కమిటీయే ఉంది. మూడు నెలల్లో నెరవేర్చాలని నియమమూ ఉంది. వరి విత్తు నుంచి కోత దాకా నాలుగు నెలలు పడుతుందనుకుంటే, లెక్క ప్రకారం హామీ వరికన్నా ముందే పండాలి. పండకపోతే మంత్రిత్వ శాఖ ఇంకాస్త గడువు కావాలని కమిటీకి రాసుకుంటుంది. వరికి ఆ వెసులుబాటు లేదు. ఎండిపోతున్న చేను "మరో మూడు నెలలు పొడిగించగలరు" అని వానకు లేఖ రాసినట్టు నేనెక్కడా వినలేదు.

ఇది మనకొక్కరికే ఉన్న విద్య అనుకుని గర్వపడనక్కర్లేదు. అమెరికాలో సేద్యానికి సంబంధించిన పెద్ద చట్టాన్ని అయిదేళ్లకోసారి అటూ ఇటూగా కొత్తగా రాసుకోవడం ఆనవాయితీ. 2018లో చేసిన చట్టం గడువు 2023 సెప్టెంబరుతో తీరింది. కొత్తది కుదరలేదు. పాతదాన్నే పొడిగించారు. ఆ పొడిగింపూ తీరిపోతే దాన్నీ పొడిగించారు. పాత విత్తనాన్నే మళ్లీ మళ్లీ వేస్తే దిగుబడి తగ్గుతుందని రైతుకు సలహాలిచ్చే శాఖలు ఈ పద్ధతి గురించి ఏమంటాయో తెలుసుకోవాలని ఉంది.

అలాగని సభలకు వేగం చేతకాదనుకుంటే పొరపాటు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో రెండు వ్యవసాయ బిల్లులు, గందరగోళం మధ్య, మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. ఓట్లు లెక్కించాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. ఎవరి గొంతు పెద్దదో చెవితో తూచి చెప్పడం మన పార్లమెంటరీ పద్ధతుల్లో ఒకటి కాబట్టి ఆ తూకమే ఖాయమైంది. ధాన్యాన్ని మాత్రం ఇలా తూస్తే రైతు ఒప్పుకోడు, అదేం చాదస్తమో. ఆ తర్వాత రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసే బిల్లు రెండు సభల్లోనూ ఒకే రోజు గట్టెక్కింది. లోక్‌సభలోనైతే చర్చే లేదు, నిమిషాల్లో అయిపోయింది. చేసినప్పుడు సరిగ్గా చర్చించలేదని కదా గొడవ? రద్దు చేసేటప్పుడు చర్చిస్తే పక్షపాతం చూపినట్టవుతుంది. ఆ మాత్రం సమదృష్టి ఉండాలి.

నెమ్మదితనంలో కూడా పశువుల్ని గురువులుగా పెట్టుకున్న సభ ఒకటుంది. జపాన్ పార్లమెంటులో ప్రతిపక్షానికి నచ్చని బిల్లు మీద ఓటింగ్ జరిగితే సభ్యులు ఓటు పెట్టె దాకా అడుగులో అడుగు వేసుకుంటూ, ఒక్కొక్కరు నిమిషాలకు నిమిషాలు నడిచేవారు. ఆ ఎత్తుగడకు వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం ఎద్దు నడక. 1992లో సైనికుల్ని విదేశాలకు శాంతి పరిరక్షణకు పంపే బిల్లు మీద ఇలాగే గంటల తరబడి నడిచారు. సేద్యాన్ని సభలోకి తీసుకెళ్లడమంటే మాటల్లో కాదు, కాళ్లతో తీసుకెళ్లడమని ఆ రోజు రుజువైంది.

సరే, ఇంత శ్రమపడి ఆయన ప్రాతినిధ్యం వహించేది ఎవరికి? రైతుకనే అందరూ అనుకుంటారు. ఈ విషయంలో చరిత్ర కొంచెం సున్నితంగా వ్యవహరిస్తుంది. 1815లో బ్రిటిష్ పార్లమెంటు ఒక ధాన్య చట్టం చేసింది. దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కు (అది అక్కడి ధాన్యపు కొలత) 80 షిల్లింగులు చేరేదాకా విదేశీ గోధుమను అమ్మకానికి రానివ్వకూడదని నిషేధం. సేద్యాన్ని కాపాడటానికే అన్నారు. ఆ పార్లమెంటు నిండా భూస్వాములే కూర్చుని ఉన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. ధాన్యం ధర నిలబడితే కౌలూ నిలబడుతుంది, కౌలు కట్టేవాడు దున్నేవాడు, పుచ్చుకునేవాడు చట్టం చేసేవాడు. ఇంత చక్కటి పంపకాన్ని 1846లో రాబర్ట్ పీల్ అనే ప్రధాని ఎత్తేయించాడు. ప్రభువుల సభ ఆ రద్దును ఆమోదించిన రాత్రే కామన్స్ సభలో ఆయన వేరే బిల్లు మీద ఓడిపోయాడు. సొంత పార్టీవాళ్లే దగ్గరుండి ఓడించారు. నాలుగు రోజులకు పదవి పోయింది. తిండిగింజలు చవక కావడం వల్ల నష్టపోయిన రైతుల లెక్క గురించి వాదోపవాదాలున్నాయి గానీ, ప్రధాని విషయంలో ఎలాంటి అనుమానమూ లేదు.

నా దృష్టిలో గ్రామీణ నియోజకవర్గాలకు ఆదర్శం అదే దేశంలోని ఓల్డ్ సేరమ్. అది ఒక పాడుబడిన కొండ. కోట గోడల శిథిలాలు, చుట్టూ పచ్చిక. కాపురముంటున్నవాళ్లు లేనట్టే లెక్క. అయినా 1832 దాకా అక్కడి నుంచి పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు వెళ్లారు. ఒక్కసారి ఊహించుకోండి. నేల ఉంది, గడ్డి ఉంది, ఓటరు లేడు. అర్జీ పట్టుకొచ్చేవాడు లేడు, తూము గురించి అడిగేవాడు లేడు. నిద్రలో కూడా టెన్షన్ లేని పదవి. 1832లో సంస్కరణ పేరుతో దీన్ని పాడుచేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఒక తీర్పులో ఇంకొంచెం ముందుకెళ్లి, శాసనకర్తలు ప్రాతినిధ్యం వహించేది మనుషులకు గానీ చెట్లకూ ఎకరాలకూ కాదని రాశారు. ఆ వాక్యం చదివి ఎంతమంది సభ్యులు నొచ్చుకుని ఉంటారో! ఎకరం ఎంత నెమ్మదైన ఓటరు! పార్టీ మారదు, సెల్ఫీ అడగదు.

మళ్లీ మొదటి నిందకే వద్దాం. సేద్యం తెలియకపోతే రైతు తరఫున ఎలా మాట్లాడతాడని కదా ప్రశ్న. దీనికి నా జవాబు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం. పాడికి పెట్టింది పేరు. వెన్నకు పోటీగా నూనెలు, కొవ్వులతో చేసే మార్జరిన్ అనే కృత్రిమ వెన్న వచ్చేసరికి అక్కడి పాడి రైతులకు గుండె దడ మొదలైంది. మార్జరిన్ సహజంగా తెల్లగా ఉంటుంది, పసుపు రంగు కలిపితే వెన్నలా కనిపిస్తుంది. అందుకని రంగు కలిపిన మార్జరిన్ అమ్మకూడదని 1895లో చట్టం చేశారు. అది 1967 దాకా నడిచింది. నిషేధం చివరి ఏళ్లలో జనం పక్క రాష్ట్రానికి పోయి పసుపు మార్జరిన్‌ను కార్లలో దొంగచాటుగా తెచ్చుకునేవారు.

ఈ నిషేధానికి కొమ్ముకాసిన వాళ్లలో గోర్డన్ రోజ్‌లీప్ అనే రాష్ట్ర సెనేటర్ పేరు ముందు చెప్పుకోవాలి. వెన్నకూ మార్జరిన్‌కూ పోలికేమిటని ఆయన ఊరూరా గర్జించాడు. అయితే రుచి చూసి చెప్పండి అన్నారు. 1965లో పరీక్ష పెట్టారు. ఏది ఏదో చెప్పకుండా నోటికందించారు. పాడి రైతుల ముద్దుబిడ్డ రెండూ రుచి చూశాడు, ఆలోచించాడు, వేలు చూపించాడు. తప్పు. వెన్న పోల్చుకోలేకపోయాడు. అందరూ నవ్వారు. కానీ అసలు కథ తర్వాతెప్పుడో ఆయన ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆయన ఆరోగ్యం బాగుండాలని భార్య ఏళ్ల తరబడి ఇంట్లో ఆయనకు తెలియకుండా వెన్న బదులు మార్జరిన్ పెడుతూ వచ్చిందట. పాపం, ఆయన నాలుకకు వెన్నంటే అదే! సభలో వెన్న కోసం గొంతు చించుకుని, ఇంటికొచ్చి మార్జరిన్ తిని, "ఆహా, ఇదీ వెన్నంటే" అనుకున్న ఆ మనిషిని తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. వస్తువు తెలియకుండానే దాని పక్షాన అంత నిజాయితీగా నిలబడటం మామూలు మనిషికి సాధ్యమా? తెలిసి పోరాడేవాడికి స్వార్థం ఉండొచ్చు. రోజ్‌లీప్‌కు అది కూడా లేదు.

ఇక ధర. రైతు జీవితంలో అన్నింటికన్నా పెద్ద అవమానం ఏమిటంటే తన సరుకు ధర తను చెప్పలేకపోవడం. కొనేటప్పుడు ఎరువుల కొట్టువాడు ధర చెబుతాడు, అమ్మేటప్పుడు ధాన్యం కొట్టువాడు ధర చెబుతాడు. మన దేశంలో కేంద్రం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. ప్రకటించిన ధరకు కొని తీరాలని చట్టం మాత్రం లేదు. కావాలని రైతులు అడుగుతున్నారు, పరిశీలన జరుగుతూ ఉంటుంది. ఎంపీ గారి పంటకు ఈ బెడద లేదు. రాజ్యాంగం 106వ అధికరణం ప్రకారం ఆయన జీతాన్ని పార్లమెంటే చట్టం ద్వారా నిర్ణయిస్తుంది. అంటే పండించేవాడూ ఆయనే, కమిషన్ ఏజెంటూ ఆయనే, కొలిచేవాడూ ఆయనే. 2018లో దీన్ని ఇంకాస్త మెరుగుపరిచారు. ప్రతిసారీ అడగడం మొహమాటంగా ఉంటుంది గనక, అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి జీతం దానంతటదే పెరిగే ఏర్పాటు చేసుకున్నారు. ఆ లెక్కన 2025 మార్చిలో నెల జీతం లక్ష నుంచి 1,24,000 రూపాయలైంది. అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. రెండేళ్ల కిందట అమ్మేసిన ధాన్యానికి ఇప్పుడు ధర పెరిగిందని ఇంటికొచ్చి తేడా చేతిలో పెట్టే వ్యాపారి ఎవరైనా ఉంటే చెప్పండి, నేనే వెళ్లి దండ వేస్తాను. గిట్టుబాటు ధర ఎలా రాబట్టుకోవాలో తెలియని రైతులు ఇంత దగ్గర్లో ఇంత మంచి నమూనా పెట్టుకుని రోడ్లెక్కడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ విషయంలో అతిగా సిగ్గుపడిన సభలు కూడా లేకపోలేదు. అమెరికాలో సభ్యులు జీతం పెంచుకుంటే అది మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలని 1789లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. అది ఆమోదం పొందింది 1992లో. లెక్క సరిగ్గానే చదివారు, రెండువందల చిల్లర ఏళ్లు. మధ్యలో అందరూ దాన్ని మర్చిపోతే, 1982లో టెక్సస్‌లో ఒక విద్యార్థి కాలేజీ వ్యాసం రాస్తూ పాత కాగితాల్లోంచి వెలికితీసి, ఇది ఇప్పటికీ బతికే ఉందని రాశాడు. ఆ వ్యాసానికి వచ్చిన గ్రేడు సి. మూడు నెలల హామీ ఆలస్యమైందని చిరాకుపడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే రక్తపోటు అదుపులో ఉంటుంది.

రైతు నాయకుడంటే ఎలా ఉండాలో చెప్పమంటే పాతకాలం వాళ్లు రోమ్‌లోని సిన్సినాటస్ పేరెత్తుతారు. క్రీస్తుపూర్వం 458 నాటి కథ. సైన్యం శత్రువుల వలయంలో చిక్కుకుంటే సర్వాధికారాలూ ఇస్తాం రమ్మని ఆయన్ను పిలవడానికి మనుషుల్ని పంపారట. వాళ్లొచ్చేసరికి ఆయన పొలంలో పని చేసుకుంటున్నాడు. ఒంటి మీది దుమ్మూ చెమటా తుడుచుకుని, గుడిసెలోంచి మంచి బట్టలు తెమ్మని భార్యకు చెప్పి, కట్టుకుని వెళ్లాడు. యుద్ధం గెలిచాడు. పదహారో రోజున పదవి వదిలేసి మళ్లీ నాగలి పట్టుకున్నాడు. ఈ కథను పిల్లలకు చెప్పడం వెంటనే ఆపాలని నా మనవి. పదహారు రోజులేమిటండీ! కారు మీద స్టిక్కర్ అంటించడానికే అంతకన్నా ఎక్కువ రోజులు పడుతుంది. పైగా ఆయన పొలం బట్టలు విప్పి పదవి బట్టలు కట్టుకున్నాడు. పదవి బట్టల మీద పొలం వేషం వేసుకుని రావడంలో ఉన్న కష్టం ఆయనకేం తెలుసు?

తూము సంగతి చెప్పలేదు కదూ. పీఏ నోట్‌బుక్‌లోని ఆ పదం ఉత్తరమైంది. ఉత్తరం వెళ్లిన ఆఫీసు "ఇది మా పరిధి కాదు" అని ఇంకో ఆఫీసుకు పంపింది. ఆ ఆఫీసు షట్టర్ మాదే గానీ అది బిగించిన సిమెంటు దిమ్మ మొదటి ఆఫీసుదని తేల్చింది. అంచనా వేయడానికి ఒక ఉద్యోగి స్కేలు పట్టుకుని వచ్చి, షట్టర్ వెడల్పు కొలిచి, ఎత్తు కొలవాలంటే అది లేవాలి కదా అని ఆగి, వెళ్లిపోయాడు. ఇదంతా జరుగుతుండగా మరుసటి ఏడాది ముసురు పట్టింది. ఈసారి పెద్దాయన ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. రాత్రికి రాత్రి నలుగురు కలిసి షట్టర్‌కు గొలుసు కట్టి ట్రాక్టర్‌తో లాగేశారు. రేకు ఊడొచ్చింది, దాంతోపాటు దిమ్మలో సగం కూడా వచ్చింది. నీళ్లు పూటలో దిగిపోయాయి. పంట దక్కింది.

ఆ తర్వాతి కారుకు వానల్లేవు. కాలవలో వచ్చే కాసిని నీళ్లూ మూత లేని తూములోంచి వాగులోకి జారిపోతుంటే చేలు నెర్రెలిచ్చాయి. గౌరవ సభ్యుడు కరువు పరామర్శకు వచ్చారు. అదే రోడ్డు పక్క పొలం, అదే గట్టు. ఈసారి బురద లేదు గనక చెప్పులు విప్పే ప్రశ్న రాలేదు. పెద్దాయన మళ్లీ ముందుకొచ్చాడు.

"సార్, నీళ్లు లేక కాదండి. తూముకి షట్టర్ లేదు. అది పెట్టిస్తే ఉన్న నీళ్లన్నా నిలబడతాయి."

ఆయన పీఏ వైపు తిరిగి "రాసుకో" అన్నారు.

పీఏ నోట్‌బుక్ తెరిచి, నాలుగు కాగితాలు వెనక్కి తిప్పి, గీత గీసిన పదం చూపించాడు.

"రాసే ఉంది సార్."